ఐవీ గోధుమరంగు కోటు

సీసా మీద తేదీ చూడనిదే ఐవీ హార్‌గ్రీవ్స్ పాలు కొనదు. రొట్టెను నొక్కి చూస్తుంది, గుడ్లను వెలుతురుకెత్తి చూస్తుంది. కొట్టువాడు నవ్వినా పట్టించుకోదు. యార్క్‌షైర్‌లో కుందేళ్లు పెంచి అమ్మే క్లిఫర్డ్ షెడ్డులోనూ ఆ శనివారం అదే వరస. తల్లికుందేలు టీకా కార్డును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, పశువైద్యుడి ముద్రను గోటితో గీకి మరీ చూసింది.

“చెరిగిపోయే ముద్ర కాదులే అమ్మా,” అన్నాడు క్లిఫర్డ్.

“మరి పిల్లలకో?”

“ఇంకా పాలు మానలేదు. వచ్చే వారం సూది వేయించాకే ఇస్తాను.”

ఆ మాట ఐవీకి నచ్చింది. స్టూలు మీద కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకుని, చెవులు మడిచి, పళ్లు చూసి, చివరిదాన్ని తన గోధుమరంగు ఉన్నికోటులో పొదువుకుంది.

“ఇదివరకు పెంచారా?”

“పిప్పిన్ ఉండేవాడు. మొన్న ఆదివారం ఈ ఒళ్లోనే పోయాడు. ఉన్నట్టుండి ముక్కులోంచి నెత్తురు, పాపం.”

“టీకా వేయించలేదా?”

“గుమ్మం దాటనివాడికి సూదెందుకులే అనుకున్నా.”

క్లిఫర్డ్ చేతిలోని మేత తొట్టి కిందపడింది.

“అప్పుడూ ఈ కోటే వేసుకున్నారా?”

“ఆఁ. ఏం?”

“అది కుందేళ్ల అంటురోగం! దాని క్రిమి బట్టలకంటుకుని నెలల తరబడి బతుకుతుందమ్మా! సూది పడని పిల్లలవి!”

ఐవీ కళ్లద్దాలు సర్దుకుని, మొదటిసారి తన కోటును పరీక్షగా చూసుకుంది. ఒళ్లోని పిల్ల దాని అంచును హాయిగా నాకుతోంది.