నాలుగు గాట్లు

మా కాలేజీలో పరిశోధనకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. క్రికెట్ కిట్లు, విరిగిన బల్లలు, ఎన్‌సీసీ వాళ్ల తుప్పుపట్టిన బూట్లు పెట్టగా మిగిలిన చోట సిద్ధాంత గ్రంథాలు పెట్టారు. వాటన్నింటినీ స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ భాండాగారంలో ఎక్కించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో అందరి ముఖాలూ వరసగా చూసుకుంటూ వచ్చి, పర్మనెంటు కాని ముఖం దగ్గర ఆగారు. నంద్యాలలో నేను కాంట్రాక్టు లెక్చరర్‌గా ఉన్న సంవత్సరాలలో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

పని కష్టమైనది కాదు. అట్ట విప్పడం, పేజీలు స్కాన్ చేయడం, ముక్కలు చేయడం. భాండాగారం థీసిస్‌ను మొత్తంగా మింగదు. ముఖపత్రం ఒక ఫైలు, ప్రమాణపత్రం ఒక ఫైలు, కృతజ్ఞతలు ఒక ఫైలు, ఆ తర్వాత అధ్యాయాలు ఒక్కొక్కటీ విడివిడిగా.

ఆ ఎండాకాలమంతా మా ప్రాంతం నా చేతుల మీదుగా పోయింది. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసేవాళ్ల ఊపిరితిత్తుల మీద ఒకటి. పాములపాడు బోర్ల నీళ్లలో ఏమేం కలిసి ఉందో ఒకటి. శిరివెళ్ల పక్క పల్లెల్లో నాట్లు వేసే ఆడవాళ్ల పాటల మీద ఒకటి; అందులో బూతులున్న పాటలన్నీ అనుబంధంలోకి పోయాయి, పేజీలు నలిగింది అనుబంధంలోనే. పత్తి పురుగు మీద మూడు. ఆ మూడింటిలో రెండింటి మూడో అధ్యాయం ఒక్కటే, అచ్చుతప్పులతో సహా. గణితంలో ఒకటి ఉంది, చాలా పల్చన. దాన్ని చదివి అర్థం చేసుకున్నవాడు రాసినవాడొక్కడే అని ఆయన సహోద్యోగులు అనేవారు. ఆయన మాత్రం తన గురించి అంత గట్టిగా చెప్పలేనన్నాడు.

ఇన్ని రకాల చదువులకూ ఉమ్మడిగా ఉన్నది కృతజ్ఞతల పేజీ ఒక్కటే. ప్రతి దాంట్లోనూ గైడ్ గారి సతీమణికి, ఆప్యాయంగా ఇచ్చిన కాఫీకి, వందనాలున్నాయి. మా వైపు పరిశోధన ఏ సిద్ధాంతం మీద నడిచిందో నేను చెప్పలేను కానీ, ఏ డికాక్షన్ మీద నడిచిందో చెప్పగలను.

చివరికి నా థీసిస్ చేతికి వచ్చింది. ఆళ్లగడ్డ శిల్పుల కొలతల మీద రాశాను. నా కృతజ్ఞతల్లోనూ కాఫీ ఉంది. గైడ్ గారు, లైబ్రేరియన్ గారు, టైపు చేసిన కుర్రాడు, బైండింగ్ చేసినాయన అందరూ ఉన్నారు. ఒక మనిషి లేడు. ఆ ఫైలు మీద చెయ్యి కాసేపు ఆగిన మాట నిజమే. ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి మధ్యలో పెడితే కనిపెట్టేవాడు లేడు. కానీ అట్టలో ఉన్నదీ తెరమీద ఉన్నదీ ఒకటేనని సంతకం చేసింది నేనే. ఇంకెక్కడా పెద్దగా పనికిరాని నా నిజాయితీ ఆ పూట అడ్డం వచ్చింది. ఉన్నదున్నట్టే ఎక్కించాను.

వర్షాలు మొదలైనాక ఫోను వచ్చింది. ఆళ్లగడ్డ పెద్దాయన కూతురు. ఆయన శిల్పి, నా థీసిస్‌లో సగం ఆయన చెప్పిందే. కూతురు దూరవిద్యలో ఎం.ఏ. చదువుతూ సెల్‌ఫోన్‌లో ఏదో వెతకబోతే నాది దొరికిందట.

"సార్, మీ పుస్తకం మొత్తం చదివినాం. నేను చదువుతాంటే నాయన ఇన్న్యాడు. నాలుగు దినాలు పట్టింది."

నా థీసిస్‌ను మొత్తం చదివినవాళ్లు ఈ భూమ్మీద ఉన్నారని అప్పుడే తెలిసింది. పరీక్షకుల మీద నాకెప్పుడూ ఆ అనుమానం లేదు.

"నాయన ఒగసారి రమ్మంటాండాడు సార్," అంది.

ఎందుకు రమ్మంటున్నాడో అడగలేదు. తెలుసు కాబట్టి.

ఆయన దగ్గర ఒక టేకు కర్ర ఉంది. విగ్రహం ముఖం ఎంతో అంత ఒక పాలు చొప్పున, నిలువు విగ్రహానికి ఎన్ని పాళ్లు రావాలో అన్ని గాట్లు దాని మీద ఉంటాయి. అలాంటి కర్రలు చాలామంది దగ్గర ఉంటాయి. ఈయన కర్రకు వెనకవైపు ఇంకో నాలుగు గాట్లున్నాయి. అవి వాళ్ల నాయన పెట్టినవి. విగ్రహం గోపురం మీదికి పోయేదైతే కింద నిలబడి చూసేవాడికి ముఖం కుంచించుకుపోయి కనపడుతుంది. అందుకని తల, మెడ, ఛాతీ ఎంతెంత పెంచాలో ఆయన చెక్కి, ఎక్కించి, కిందికి దిగి చూసి, మళ్లీ ఎక్కి, జీవితకాలం పట్టి తేల్చుకున్న లెక్క అది. పెద్దాయన నాకు ఐదు నెలలు నేర్పాడు. తిరిగి ఒక్కటే అడిగాడు.

"అవి మా నాయన గాట్లని ఆయన పేరు రాయప్పా. సాలు."

"తప్పకుండా రాస్తాను," అన్నాను.

రాశాను కూడా. చిత్తుప్రతిలో. గైడ్ గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. "ఒక మనిషి చేసినాడంటే అది కబురు. సంప్రదాయం అంటే పరిశోధన," అన్నారు. పేరున్న చోట "ఆళ్లగడ్డ ప్రాంతీయ శిల్ప సంప్రదాయం" అని వేశాను. నాలుగో అధ్యాయమంతా ఆ మాట మీదే నిలబడింది. ఒక మనిషి బుర్రలో పుట్టినదాన్ని సంప్రదాయం చేసేశాను. సంప్రదాయానికి పేరు అడిగేవాళ్లుండరు.

ఆళ్లగడ్డలో బస్సు దిగి ఆయన చెక్కే చోటికి వెళ్లేసరికి ఒక శిలాఫలకం పనిమీద ఉన్నాడు. ఎవరో నాయకుడు ప్రారంభించబోయే కల్యాణమండపానిది. రాళ్ల దుమ్మో వయసో, చూపు బాగా తగ్గింది. అక్షరాన్ని వేలితో తడిమి ఉలి పెడుతున్నాడు.

"దావ తెలిసిందా అప్పా?" అన్నాడు.

"తెలిసింది పెద్దాయనా."

"మ్మే, ఆ బొమ్మ సూపీ సార్‌కు," అన్నాడు కూతురితో.

ఆమె ఫోన్‌లో నా నాలుగో అధ్యాయం తెరిచింది. కొలత కర్ర ఫోటో. కర్ర బాగా కనపడాలని నేనే చుట్టూ కత్తిరించాను. కర్రను పట్టుకున్న రెండు చేతులు మణికట్ల దాకా మిగిలాయి.

"ఎడమచెయ్యి బొటనేలికి గోరు లేదంట్యా?"

"లేదు నాయనా."

"అట్లయితే నాదే." ఉలి పక్కన పెట్టాడు. "చేతుల వరకు నేనుండా. మా నాయన యాడుండాడప్పా?"

నేను గైడ్ గారి గురించి, ఎర్ర సిరా గురించి, పరిశోధన పద్ధతుల గురించి చెప్పాను. చాలాసేపు చెప్పినట్టున్నాను. ఆయన అడ్డం రాలేదు. ఎదుటివాడు అడ్డం వస్తే బాగుండునని మాట్లాడేవాడికి అనిపించే సందర్భాలు తక్కువ.

"తప్పు రాసినావు, సరే. దిద్దే దావ ఉండాదా?"

"ఉంది. గైడ్ గారు ఉత్తరం మీద సంతకం పెడితే సవరణ కాగితం చేరుస్తారు."

"పెట్టిచ్చుకోని రా, పో."

గైడ్ గారు రిటైరై నంద్యాలలోనే ఉన్నారు. ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"ఏమప్పా, నీకు డిగ్రీ దేనికిచ్చిరి?"

"నాలుగో అధ్యాయానికి సార్."

"ఆ గాట్లు సంప్రదాయం గాదు, ఒక ముసలాయన సొంతంగా పెట్టుకున్నెవి అని నువ్వే రాసిస్తే ఆ అధ్యాయం ఏమైతాది?"

"పోతుంది సార్."

"డిగ్రీ?"

దానికి జవాబు ఇద్దరికీ తెలుసు.

"వచ్చే నెల నీ రెన్యువల్ ఇంటర్వ్యూ గదా. కమిటీలో నేనుండా," అన్నారు. బెదిరించలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పారు.

అంతలో వాళ్లావిడ కాఫీ తెచ్చారు. చాలా బాగుంది. నా థీసిస్‌లో ఆ ఒక్క వాక్యానికి మాత్రం ఎవరూ సవరణ అడగలేరు.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. కాఫీ తాగాను. నెల తర్వాత రెన్యువల్ వచ్చింది. ఈ మూడింటి మధ్య సంబంధం ఉందని ఏ పరిశోధకుడూ నిరూపించలేడు.

మళ్లీ ఆళ్లగడ్డ పోవడానికి సెలవుల దాకా ఆగాను. పెద్దాయన నా అడుగు చప్పుడులోనే విషయం విన్నట్టున్నాడు.

"పెట్టల్యా?"

"పెట్టలేదు."

"నువ్వు అడిగితివా?"

ఇచ్చాను, చదివారు, అన్నాను. అడిగానని మాత్రం అనలేకపోయాను. ఆయనకు తేడా తెలిసింది. చూపు తగ్గినవాళ్ల ముందు ముఖం దాచుకోవచ్చనుకోవడం పొరపాటు.

"పోనీలేప్పా. రోజూ చేసే పనే గదా మాకు. మండపం కట్టినోని పేరు చెక్కుతాం, రిబ్బన్ కత్తిరిచ్చినోని పేరు చెక్కుతాం. రాయి చెక్కినోని పేరు యా రాయి మీదన్నా సూసినావా? నీది కాగితం గదా, అందుకని ఆశపడితి."

తర్వాత కూతురిని పిలిచి నీళ్ల తొట్టి కింద ఆసరాగా ఉన్న బండను లాగమన్నాడు. బేతంచెర్ల బండ, మూరెడు పొడవుంది. ఆమె తిరగేసి నీళ్లు పోసి కడిగింది. డాక్టర్ అని, పక్కన నా పేరు. నాకు పట్టా వచ్చిన సంవత్సరం ఫోన్ చేసి చెప్పాను, ఒకసారి వచ్చి కనపడతానన్నాను. వస్తానని చెక్కి పెట్టాడట. నేను పోలేదు.

"తీసుకపో."

"వద్దు పెద్దాయనా."

"ఉంచుకోని ఏం జేసుకోల? ఇంగొకరిదైతే గీకేసి మళ్లా వాడుకుందును. నీది లోతుగా చెక్కినా."

బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. శిరివెళ్ల దగ్గర ఎక్కినాయన దాని మీద కాలు పెట్టి, చదివి, కాలు తీసి, "మీరేనా సార్?" అన్నాడు. కాదన్నాను. మాది అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వరు. బండ తలుపు వెనక ఉంది, అక్షరాలు గోడవైపు.

పోయిన వారం ఒక కొత్త థీసిస్ స్కానింగ్‌కు వచ్చింది. గుడి విగ్రహాల మీద, రాసిన అమ్మాయి కష్టపడింది. ఐదో అధ్యాయంలో నాలుగు గాట్లు వచ్చాయి. ఆళ్లగడ్డ సంప్రదాయం అని రాసి, కింద ఆధారంగా నా పేరు వేసింది. ఆ నాలుగు గాట్ల పక్కన ఒక మనిషి పేరంటూ పడడం అదే మొదలు.

కృతజ్ఞతల్లో కూడా నాకు ఒక వాక్యం ఉంది, కాఫీ కంటే ముందు. విడిగా ఫైలు చేసి ఎక్కించాను. ఉచితమే, ఎవరైనా చదువుకోవచ్చు.