నీలం తిరిగిన బంగారం

నాచారంలో మా ల్యాబ్ గాజుసామాన్ల దుకాణానికి ఒక పీహెచ్‌డీ అమ్మాయి వచ్చేది. జనగామ వైపు చేనేతవాళ్ల బిడ్డ. కంటికి ఆనని బంగారు రేణువులను నీళ్లలో తయారుచేసేది. అంత చిన్నవైతే బంగారం ఎర్రగా ఉంటుందట. బేరం మాత్రం ఆమెకు రాదు. అలాంటి గిరాకీని వదిలే వంశం కాదు మాది. ఎవరో వాపసిచ్చిన ఫ్లాస్కును బోరునీళ్లతో కడిగి, కొత్తదని అంటగట్టాను.

వారానికి సీసాతో వచ్చింది. ఎర్రగా ఉండాల్సిన నీళ్లు నీలంగా ఉన్నాయి.

"అన్నా, ఫ్లాస్కు దేంతోటన్న కడిగినవా? ఉప్పునీళ్లు తగిలితే గిట్లనే అయితది."

"కడుగుడేంది చెల్లె? కొత్తదే."

ఎవరేం చెప్పినా నోటుబుక్కులో రాసుకోవడం ఆమె అలవాటు. "ఫ్లాస్కు కొత్తది" అని రాసుకుంది.

"గట్లయితే తప్పు నా పద్ధతిలనే ఉన్నది. ఆరు నెలల పని మల్ల మొదటికెల్లి జెయ్యాలె."

ఆమె వాదిస్తే గెలిచేవాణ్ణే. నా మాట నమ్మేసరికి అబద్ధం నిలబడలేదు.

"ఆగు చెల్లె. అది పాతది. బోరునీళ్లతోటి కడిగిన."

తిట్టలేదు. నా మాట మీద ఒకే గీత గీసి, కింద నిజం రాసింది.

"ఆ పైది కనపడకుండ కొట్టెయ్యి చెల్లె, నా ఇజ్జత్ పోతది," అని బతిమాలాను.

"మా ల్యాబ్‌ల గట్ల కొట్టెయ్యరన్నా. తప్పు గూడ సదవొచ్చెటట్టు ఉండాలె. ఇగ కొత్తదియ్యి. డబ్బా నా ముందట్నే ఇప్పు."