సీరోస్‌లో బుధవారం

2023 మార్చి. సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో, ఎంఆర్‌టీ రైలు స్టేషన్‌కు దగ్గర్లో, ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో మా ట్రావెల్ ఆఫీసు. ఇద్దరమే పనిచేస్తాం. నా భాగస్వామి వీసాలు చూస్తుంది, నేను ప్రయాణాలు ప్లాన్ చేస్తాను. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పందొమ్మిదేళ్లయింది.

ఫోన్‌లో అందరూ గదులు బుక్ చేసుకుంటున్న ఈ రోజుల్లో మీ దగ్గరికి ఎవరొస్తారని చాలామంది అడుగుతుంటారు. ఫోన్ అడగని ప్రశ్నలు ఉన్నవాళ్లు వస్తారు. మోకాళ్లు అరిగినవాళ్లు, బయటి వంట ముట్టనివాళ్లు, ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లు. నేనూ ఉంటాను కాబట్టి వాళ్లకేం కావాలో నాకు విడిగా చెప్పనక్కర్లేదు. ప్రతి శనివారం పాసిర్ రిస్‌లో ఒకరింట్లో మా బృందం విష్ణు సహస్రనామ పారాయణ చేస్తుంది. ఆరోజు పంచాంగం చూసి సంకల్పం చెప్పించేది నేనే. మా నాన్నగారు పురోహితులు. పంచాంగం చూడటం అక్షరాలతోపాటే నేర్పారు. ఆ గర్వం నాకు కొంచెం ఉండేదని ముందే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఈ కథలో తప్పు నాదే.

శ్రీధర్ ఒక శనివారం పొద్దున వచ్చాడు. ముప్పైయారేళ్లుంటాయి. లిఫ్టులు బాగుచేసే టెక్నీషియన్. బుకిట్ బటోక్‌లో భార్య, కూతురు, తల్లితో ఉంటాడు. సొంతూరు విశాఖపట్నం.

"అక్కా, గ్రీస్‌లో సీరోస్ అని ఒక ఐలాండ్. నేనూ అమ్మా, ఇద్దరమే. మూడు రాత్రులు. చీప్‌గా ఉండాలి, కానీ రూములో స్టవ్ ఉండాలి" అన్నాడు.

"అందరూ సాంటోరినీ అడుగుతారు. సీరోస్ ఎందుకు?"

"మా నాన్న అక్కడే పోయాడు అక్కా."

తండ్రి ఓడల్లో ఫిట్టర్‌గా పనిచేసేవాడు. పదకొండేళ్ల క్రితం మే నెలలో ఓడ మరమ్మతు కోసం ఆ ద్వీపంలో ఆగింది. ఒకరోజు పని దిగి గట్టుమీద నడుస్తుండగా గుండె ఆగిపోయింది. శరీరాన్ని విశాఖ పంపారు, కర్మకాండ అక్కడే జరిగింది. ఏటా తద్దినం శ్రీధర్ ఇక్కడ తన ఫ్లాట్‌లో శ్రద్ధగా పెడుతున్నాడు. ఈ ఏడు తల్లి ఒక్కటే అడిగింది: ఒక్కసారి, ఆయన తిథినాడు, ఆయన పోయిన చోట ఆ సముద్రంలో నువ్వులు నీళ్లు వదలాలి.

"మళ్లీ మళ్లీ వెళ్లడానికి లేదక్కా. సేవింగ్స్ అంతా ఇదే. లీవ్ కూడా ఆ వారం మంగళవారం డ్యూటీ అయ్యాకే ఇస్తానన్నాడు మా సూపర్‌వైజర్. వన్ టైమ్."

తిథి ఏ రోజు పడుతుందని అడిగాను. గుళ్లో ఇచ్చిన కేలెండర్ ప్రకారం మేలో ఒక గురువారం అన్నాడు. నేను నా పంచాంగం తీసి చూశాను. తద్దినానికి అపరాహ్ణంలో తిథి ఉండాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. గురువారం సాయంత్రం అయిదింటిదాకా తిథి ఉంది. "గురువారమే. నిస్సందేహంగా" అన్నాను. ఆ 'నిస్సందేహంగా' అన్న మాట తర్వాత చాలా రోజులు నా చెవుల్లో మోగింది.

గ్రీకు ద్వీపంలో చవక గది వెతకడానికి ఒక కిటుకు ఉంది. ఆ ఊళ్లు కొండవాలు మీద కడతారు. గది ఎంత పైన ఉంటే అంత చవక. ఫొటోలో తెల్లటి గోడ, నీలం తలుపు, వెనక సముద్రం కనిపిస్తాయి. ఆ తలుపు దాకా ఎక్కాల్సిన నూట ఇరవై మెట్లు కనిపించవు. అందుకని నేను ప్రతి హోటల్‌కూ ఒకే ప్రశ్న పంపిస్తాను: రేవు నుంచి మీ గది మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు? జవాబు రానిచోట గది తీసుకోను.

ఏడు చోట్లకు రాశాను. మూడు హోటళ్లు సీజన్ మొదలుకాక ఇంకా మూసే ఉన్నాయి. రెండు జవాబివ్వలేదు. ఒకటి 'చాలా కొద్ది మెట్లు' అంది, అంటే ఎక్కువని అర్థం. ఒక చిన్న హోటల్ యజమానురాలు మాత్రం లెక్కపెట్టి రాసింది: "సముద్రం కనిపించే గదికి ముప్పైనాలుగు. వెనక గదికి అయిదు. వెనక గది కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది. స్టవ్ రెండింట్లోనూ ఉంది."

వెనక గది తీసుకున్నాను. గోడ చూసే గదిని ఇంత సంతోషంగా ఎప్పుడూ బుక్ చేయలేదు.

విమానం మంగళవారం రాత్రి బయల్దేరి బుధవారం ఉదయం ఆరున్నరకు ఏథెన్స్ చేరుతుంది. తేదీ మార్చడానికి వీల్లేని చవక రకం టికెట్. అక్కణ్ణుంచి సీరోస్‌కు పెద్ద రేవులో ఓడ ఎక్కాలి. పొద్దుటి ఓడ ఏడున్నరకే వెళ్లిపోతుంది, అది అందదు. సాయంత్రం అయిదున్నర ఓడకు బుక్ చేశాను. రాత్రి తొమ్మిదికి చేరి, పడుకుని లేచి, గురువారం తీరిగ్గా వంట చేసుకుని తిథి పెట్టుకోవచ్చు. కాగితం మీద చాలా చక్కగా కుదిరిన ప్లాన్.

ఏప్రిల్ చివర్లో వీసాలొచ్చాక తల్లీకొడుకులు కాగితాలకోసం వచ్చారు. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. సన్నగా, చురుగ్గా ఉంది. కూర్చోమంటే ముందు కుర్చీని కదిపి చూసింది.

"ఇది ఇరగదు కదమ్మా? మావోడు ఆస్పత్రిలో ఇలాటి కుర్చీలోంచే పడ్డాడు."

"అమ్మా, దట్ వాజ్ టెన్ ఇయర్స్ బ్యాక్" అన్నాడు శ్రీధర్.

"పదేళ్లయితే మాత్రం? పడ్డావా లేదా?"

నేను ప్రయాణం వివరించడం మొదలుపెట్టాను. ప్రతివాళ్లకూ చెప్పే మాటే ఆవిడకూ చెప్పాను: "టికెట్ మీద వేసిన టైము ఎప్పుడూ ఆ ఊరి టైమే అమ్మా. ఇక్కడ బయల్దేరే టైము సింగపూర్‌ది, దిగే టైము ఏథెన్స్‌ది. కలిపి లెక్కేసుకుని కంగారు పడొద్దు."

"అది నాకు తెలుసమ్మా. మా ఇంట్లో రెండు గడియారాలుండీవి. ఒకటి మాకు. రెండోది ఆయనకి. ఏ రేవునుంచి ఫోను సేసినా ముందు 'అక్కడెంతయింది?' అని నేనడిగీదాన్ని. ఆయన సెప్పగానే రెండో గడియారం అలగ తిప్పీసీదాన్ని. ఆకర్ని తిప్పింది ఈ సీరోసుకే. ఇప్పటికీ అలగే నడస్తంది."

"బ్యాటరీ నేనే మారుస్తా" అన్నాడు శ్రీధర్.

ఆవిడ కాగితం మీద గురువారం అని నేను ఎర్రగా గీసిన చోట వేలు పెట్టింది.

"నాకు సదువు రాదు గానీ ఒకటి అడుగుతానమ్మా. టికెట్టు మీదున్న గంటలు ఆ ఊరి గంటలన్నావు. మరి ఈ తిథి ఏ ఊరి గంటల్లో సూసేవు?"

 నేను సొరుగులోంచి పంచాంగం తీసి, కాగితం మీద లెక్క వేశాను. సింగపూర్‌లో తిథి బుధవారం సాయంత్రం ఆరున్నరకు మొదలై గురువారం అయిదింటికి ముగుస్తుంది. గ్రీస్ మనకంటే అయిదు గంటలు వెనక. అక్కడ బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై, గురువారం పన్నెండుకే ముగుస్తుంది. గురువారం అపరాహ్ణానికి తిథే లేదు. ఆ ద్వీపంలో తద్దినం బుధవారం. నేను వాళ్లను సాయంత్రం ఓడ కోసం ఏథెన్స్ రేవులో కూర్చోబెట్టిన బుధవారం.

"తప్పు చేశానమ్మా" అన్నాను. ఏమైందో చెప్పాను.

శ్రీధర్ నన్ను ఓదార్చబోయాడు. "పర్లేదక్కా, గురువారమే చేసేద్దాం. ఇన్నేళ్లు ఇక్కడి కేలెండరే కదా ఫాలో అయ్యాం. దేవుడికి తెలుసు లా." మాట చివర సింగపూర్‌వాళ్ల 'లా' అతనికి అలవాటు.

"ఇక్కడున్నప్పుడు ఇక్కడి కేలెండర్ సరే. అక్కడ ఉండగా కాదు" అన్నాను. అయితే శాస్త్రం దారి మూయదు. తిథి దాటిపోతే బహుళ ఏకాదశినాడో అమావాస్యనాడో పెట్టుకోవచ్చు. ఆ మాటా చెప్పాను. "తిరిగొచ్చాక ఇక్కడ పెట్టుకోవచ్చమ్మా. దోషం లేదు."

అప్పలనరసమ్మ తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, కూరల బేరంలో ధర కుదరనప్పుడు ఊపినట్టు.

"ఇక్కడ పెట్టడానికి అంత దూరం దేనికి? అమ్మా, మా ఆయన ముప్పై ఏళ్లు ఓడల్లో తిరిగేడు. ఏ రేవులో ఉంటే ఆ రేవు టైముకే అన్నం తిన్నాడు. బుధవారం ఆకలేసి కూసుంటే గురువారం వొడ్డిస్తావా?"

నేను కాగితం మీది ఎర్రగీత కొట్టేసి బుధవారం కింద గీశాను.

మరుసటి రెండు రోజులు నేను చేసిన పని చెప్తాను, ఎందుకంటే మా వృత్తి అసలు అక్కడే ఉంది. విమానం కదలదు, సెలవు కదలదు. కదిలేది ఓడే. ఏథెన్స్‌కు పెద్ద రేవు కాక, విమానాశ్రయానికి దగ్గరగా ఇంకో చిన్న రేవు ఉంది. అక్కణ్ణుంచి ఎనిమిదిన్నరకు ఒక ఓడ వేరే ద్వీపానికి వెళ్తుంది. అక్కడ దిగి, గంటన్నర ఆగి, ఇంకో చిన్న ఓడ పట్టుకుంటే రెండు నలభైకి సీరోస్. ఆ ద్వీపంలో మేలో పగలు చాలా పొడవు కాబట్టి అపరాహ్ణం రెండు ముప్పావుకు మొదలై అయిదూ నలభై దాకా ఉంటుంది. కుదురుతుంది. కానీ మా భాషలో దీన్ని టైట్ కనెక్షన్ అంటారు. ఒకటి ఆలస్యమైతే రెండోది పోతుంది. గాలి ఎక్కువైతే అక్కడి రేవు అధికారులు ఓడలనే ఆపేస్తారు. మామూలుగా నేనే వద్దనే ప్లాన్ అది. శ్రీధర్‌కు ఇవన్నీ రాసిచ్చి, నిర్ణయం వాళ్లకే వదిలేశాను. "గో" అని ఒక్క మాట మెసేజ్ వచ్చింది. ముందు కొన్న సాయంత్రం ఓడ టికెట్ల డబ్బు వాపసు రాలేదు, అది నేను పెట్టుకున్నాను.

తర్వాత యజమానురాలికి రాశాను. మూడింటి చెక్ఇన్ మాకు సరిపోదు, గది ముందే కావాలి, స్టవ్ పనిచేస్తూ ఉండాలి, ఒక చనిపోయిన మనిషి పేరున వంట చేయాలి. అడగడానికి కొంచెం సంకోచించాను. హోటల్‌వాళ్లు చావు మాట ఇష్టపడరు. ఆవిడ గంటలో జవాబిచ్చింది: "మేమూ పోయినవాళ్ల కోసం గోధుమలు ఉడికించి పంచుతాం. గది ఒంటిగంటకే తెరిచి ఉంచుతాను. పెద్ద గిన్నె కావాలా?"

ఆ బుధవారం సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఓడలు ఎక్కడున్నాయో చూపించే వెబ్‌సైట్ ఒకటుంది. మొదటి ఓడ సమయానికే చేరింది. రెండోది కదల్లేదు. గాలి. నలభై నిమిషాలు ఆ చిన్న ఆకుపచ్చ గుర్తు రేవులోనే ఉండిపోయింది. నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదివాను. సింగపూర్‌లో ఏడూ ఇరవైకి ఆ గుర్తు కదిలింది. యజమానురాలికి 'ఓడ ఆలస్యం' అని రాస్తే, 'నా వంటింట్లోంచి రేవు కనిపిస్తుంది, చూస్తూనే ఉన్నాను' అని జవాబు.

ఎదురుగాలికి ఓడ నెమ్మదించి, వాళ్లు దిగేసరికి అక్కడ నాలుగయింది. అయిదూ నలభైకి అపరాహ్ణం అయిపోతుంది. ఇంకా స్నానాలు, వంట.

అక్కడి టైము అయిదున్నరకు శ్రీధర్ మెసేజ్ వచ్చింది: "అయ్యింది అక్కా. అన్నం, పప్పు మాత్రమే వండగలిగాం. తర్పణం నాన్న నడిచిన గట్టు మీదే. కాకి లేదు. పిండం పెట్టగానే పెద్ద తెల్ల సముద్రపు పక్షి వచ్చి ఎత్తుకెళ్లింది. చెల్లుతుందా?"

నేను జవాబు టైప్ చేస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది: "అమ్మ చెల్లుతుందంది. ఆ పక్షి కూడా ఓడలెంట తిరిగేదే కదా అంటోంది."

జూన్‌లో ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. అప్పలనరసమ్మ ఆ ఊరి మిఠాయి తెచ్చింది, మన హల్వాలా మెత్తగా, పైన పిండి చల్లి ఉంది. కుర్చీ కదిపి చూసి కూర్చుంది. గది ఎలా ఉందని అడిగాను.

"గోడే కనిపించిందమ్మా, నువ్వు సెప్పినట్టే. బాగున్నాది. ఆ ఇంటామి నాతోపాటే గట్టుకొచ్చింది. దానికి తెలుగు రాదు, నాకు దాని బాస రాదు. నా సెయ్యి పట్టుకుని నిలబడింది."

"రెండో గడియారం?" అన్నాను.

"నడస్తంది. నడవనీ."

ఆ వారమే మా ఫారంలో ఒక గడి కలిపాను. ప్రయాణంలో ఉపవాసం, తిథి, వ్రతం ఏదైనా ఉందా, ఆరోజు మీరు ఏ ఊళ్లో ఉంటారు అని. పందొమ్మిదేళ్లుగా టికెట్ మీద టైము ఆ ఊరిదే అని చెప్తూ, ఆకాశంలో నడిచే తిథి మాత్రం ఎక్కడైనా నా సొరుగులోని పంచాంగం ప్రకారమే అనుకున్నాను. సంకల్పంలో ముందు మనం ఏ చోట నిలబడ్డామో చెప్పి, ఆ తర్వాతే ఈ రోజు ఫలానా తిథి అంటాం. ఆ వరస పెద్దలు ఊరికే పెట్టలేదు. ఎన్ని వందల శనివారాలు చెప్పించానో, దాన్ని ఒక పాఠంలా విన్నది మాత్రం అప్పలనరసమ్మ అడిగాకే.

ఇప్పుడు సంకల్పంలో ఊరు వచ్చేచోట కొంచెం ఆగుతాను. పారాయణకు వచ్చేవాళ్లు నాకు ఆయాసం మొదలైందనుకుంటున్నారు.