రాహుకాలంలో వైఫై

మూఢనమ్మకం మీద యుద్ధానికి బయల్దేరి, శత్రువు చేతికి మీ కత్తిని మీరే అందించిన సందర్భం మీ జీవితంలో ఉందా? లేదంటే మీరు అదృష్టవంతులని అనను, అదృష్టం మీద నాకు నమ్మకం లేదు. నాకు మాత్రం ఉంది. ఒక మంగళవారం మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, టాటానగర్ భుయ్యాడీహ్ పేటలోని మా తెలుగు సంఘం పఠన మందిరంలో, సభ్యులందరి కళ్ల ముందూ ఆ ఘోరం జరిగింది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. సందేహమనేది ఇతరుల నమ్మకాల మీదే తప్ప మన సొంత పనుల మీద పెట్టుకునేది కాదనుకునే వయసు.

మా మందిరానిది రేకుల కప్పు. లోపల ఫోన్ సిగ్నల్ దొరకదు. పాత వైఫై ఉండేది కానీ దాని పాస్‌వర్డ్ వీధి మొత్తానికీ తెలుసు. క్రమశిక్షణ తెస్తానని నేను ముందుకొచ్చాను. చిన్న సర్వర్ ఒకటి పెట్టి, సభ్యుల జాబితా అందులోకి ఎక్కించాను. ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. రెండూ జాబితాతో సరిపోతేనే లోపలికి. లేదంటే మా ఉక్కు ప్లాంటు గేటు దగ్గర పాసు మరిచిపోయినవాడిలా బయటే.

ప్రారంభం మూడింటికని ప్రకటించగానే సంఘం అధ్యక్షుడు అప్పలస్వామి మావయ్య పంచాంగం పట్టుకొచ్చాడు.

“ఏటిరా బావూ, మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. అదయ్యాక మొదలెడితే నీకేటి పోద్ది?”

“అందుకే మూడింటికి పెట్టాను మావయ్యా. వైఫై తరంగానికి రాహువెవరో తెలియదు.”

“తరంగానికి తెల్దురా. రాహువుకి తెలుసు కదా!”

సభలో నవ్వులు. నేను మాత్రం పావుగంట ఉపన్యసించాను. ఆ తర్వాత నా ఫోన్‌లో నా పేరు కొట్టాను. ఠక్కున కలిసింది! పాత కనెక్షన్ రద్దయిపోయిందని ప్రకటించి, దాని తీగను అందరి ముందూ పీకి పారేశాను. చప్పట్లు మోగాయి. పాఠకులారా, ఆ చప్పట్లు బాగా గుర్తుపెట్టుకోండి, నాకు దక్కినవి అవే.

మొదటి పని ఆనందరావు కూతురు అనూషదని ముందే మాటిచ్చాను. ప్లాంటులో అప్రెంటిస్ శిక్షణకు ఆమె దరఖాస్తు పంపాలి. గడువు ఆ రోజు అయిదింటి వరకే. సర్టిఫికెట్లన్నీ మందిరం కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అనూష తన పేరూ పాస్‌వర్డూ కొట్టింది. ‘గుర్తింపు చెల్లలేదు’ అంది తెర. పక్కనే ఆనందరావు తన ఫోన్‌లో కొట్టాడు. అదే జవాబు.

“సరిగ్గా చూసి కొట్టు ఆనందరావన్నా.”

“నా పాస్‌వర్డు నా కూతురు పుట్టిన తేదీ తమ్ముడూ. అదీ మరిసిపోతానేటి?”

“వేళ్లు లావు. ఒకేసారి రెండక్షరాలు పడుతున్నాయి.”

“రోజంతా నట్లు బిగించే ఏళ్లివి. ఒక్క నట్టు తప్పిందా ఏనాడైనా?”

ఇద్దరు ముగ్గురికి మాత్రం కలిసింది. మిగతా అందరి తెర మీదా చక్రం, టాటానగర్ యార్డులో ఇంజను దొరకని గూడ్సు బండికి కాపలా కాస్తున్నట్టు, తిరిగి తిరిగి ఆగిపోయింది.

“కొందరికెందుకొచ్చింది మావయ్యా, రాహువుంటే?” అన్నాను.

“రాహువు అందర్నీ ఒక్కపాలి మింగడు బావూ. ఒకలెనకొకల్ని.”

సర్వర్‌ను మూడుసార్లు ఆపి మూడుసార్లు వెలిగించాను. మూడు ప్రదక్షిణలకీ దానికీ తేడా ఏమిటని దయచేసి అడగకండి. నాలుగుంబావు అయింది. సాక్చీ బజారుకు వెళ్లి నెట్ సెంటర్ వెతికే సమయం దాటిపోయింది.

“ఈ యేడు పోతే గుంటకి వయసు దాటిపోద్ది తమ్ముడూ. మరి తీసుకోరు,” అన్నాడు ఆనందరావు. ఈసారి అతని గొంతులో ఎకసెక్కం లేదు.

“నాలుగున్నర అవనియ్యి. నిమ్మకాయ కోత్తాను, అప్పుడు ముట్టుకో,” అన్నాడు మావయ్య జాలిగా.

నిజం ఒప్పుకుంటున్నాను. నిమ్మకాయ వైపు ఒకసారి చూశాను. చూశానంతే.

“అంకల్, ఆప్‌కా తో చల్ రహా హై,” అంది అనూష. “ఆప్‌కా పాస్‌వర్డ్ దీజియే నా.” ఈ ఊళ్లో పెరిగిన పిల్లలకు హిందీయే ముందు నోటికొస్తుంది; మీది పనిచేస్తోందిగా, మీ పాస్‌వర్డ్ ఇవ్వండి అని.

‘పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదు’ అని గోడ మీద రాసి అంటించినవాణ్ని నేనే. ఆ కాగితానికి వీపు పెట్టి నిలబడి, అందరూ వింటుండగా అక్షరం అక్షరం చెప్పాను: “రాహువులేడు.”

తెర తెరుచుకుంది! మందిరం గొల్లున నవ్వింది. అనూష మాత్రం తెర మీద వేలు పెట్టి చూపించింది.

“అంకల్, నామ్ తో మైనే బదలా హీ నహీ!”

పేరు మార్చనే లేదట. తెర మీద పేరు గడిలో ఉన్నది ఆమె పేరే: ఏ. రావు.

మన రావు పేరుకు తోక. ఇంటిపేరు ముందుంటుంది. కానీ ఈ ఊరి గుమాస్తాలకు చివరున్నదే ఇంటిపేరు. అందుకే మా గేటు పాసుల్లో అందరం ఒకే వంశం. ఆడపిల్లలు కూడా రావులే. ఆ కాగితాలు చూసే నేను మొదటి అక్షరం, పక్కన వాళ్లు రాసిన ఆ ‘ఇంటిపేరు’ ఎక్కించాను. ఆనందరావు, ఏ. రావు. అనూషా రావు, ఏ. రావు. ఆదినారాయణరావు, అనగా నేను, ఏ. రావు. ఎస్. రావులూ కె. రావులూ సరేసరి. ఒకే పేరు ఇన్నిసార్లుంటే సర్వర్ గొడవ పెట్టదు. పైన కనబడ్డ మొదటివాడి పాస్‌వర్డ్‌తో పోల్చి, మిగతావాళ్లను గెంటేస్తుంది. ఏ. రావుల్లో అందరికంటే పైన ఎవరున్నారు? జాబితా రాసినవాడు!

దరఖాస్తు వెళ్లింది. రసీదు కాగితం ప్రింటరు నుంచి బయటికొచ్చింది. ఆనందరావు ఆ కాగితాన్ని తన లావుపాటి వేళ్లతో, చిన్న మడత కూడా పడకుండా అందుకున్నాడు. నేను గోడ గడియారం చూపించి అరిచాను. “నాలుగూ ఇరవయ్యారు! ఇంకా రాహుకాలంలోనే ఉన్నాం మావయ్యా!”

ఆయన పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు.

“ఒప్పుకుంటన్నాను బావూ. ఇయ్యాల మమ్మల్ని పట్టింది రాహువు కాదు. రావు!”

ఆ సాయంత్రమే అనూష కూర్చుని అసలు ఇంటిపేర్లతో జాబితా తిరగరాసింది. నన్ను చిట్టచివర పెట్టింది.

దేవుళ్ల మీద ఒట్టేసే సౌకర్యం నాకు లేదు కనుక, ఆ రేకుల కప్పు మీద ఒట్టేసి చెబుతున్నాను: నాకు కలిసింది కాబట్టి అందరికీ కలుస్తుందని ఈ జన్మలో అనను. ఇంకో జన్మ ఎటూ లేదు. ఇక మీరూ కుర్చీలోంచి లేవండి. మీ చేతిలో ఏ జాబితా ఉన్నా ముందు మీ పేరును వేలితో మూసేయండి. చిట్టచివరి పేరున్న మనిషిని పిలవండి. తలుపు ఆ మనిషికి తెరుచుకున్నాకే పాత తీగ పీకండి!