దభేల్ బాబాయి సంజాయిషీలు

విమానం నేలకు దిగుతూ దభేల్‌మందంటే చాలు, మా కెప్టెన్ మైకు అందుకుని సంజాయిషీ చెప్పేవారు. చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు మాత్రం లేదు. ఒకరోజు తుమ్మొచ్చిందనేవారు, ఇంకోరోజు మోకాలు పట్టేసిందనేవారు. ఒకసారైతే, "క్షమించాలి. నేల ఇంకా దూరముందనుకున్నాను. తీరా చూస్తే అదే ఎదురొచ్చింది" అన్నారు. అందుకే విమానంలో ప్రయాణికుల్ని చూసుకునే మేమంతా ఆయన్ని దభేల్ బాబాయి అని పిలిచేవాళ్ళం. ఎదురుగానే. ఆయన పలికేవారు కూడా.

అంతటితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతారు? దిగిపోయేవాళ్ళ చేత తిట్లు తినడానికి తలుపు దగ్గర చేతులు కట్టుకుని మరీ నిలబడేవారు.

"నా పళ్ళసెట్టు ఎగిరెళ్ళి ముందు సీటాయన ఒళ్ళో పడిందయ్యా!" అందొక బామ్మగారు.

"తిరిగిచ్చాడా అమ్మా?"

"ఇచ్చాడులే."

"మంచివాడు."

"అది సరే, నువ్వు విమానం నడపడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇంకా నేర్చుకుంటున్నానండీ."

ఆ రోజుల్లో మా కంపెనీ విమానాలైతే ఎడాపెడా కొనేసింది గానీ, వాటిని నడిపేవాళ్ళు దొరకలేదు. దాంతో శిక్షణ విమానాల్లో నాలుగు చక్కర్లు కొట్టొచ్చిన కుర్రకారునల్లా కో-పైలట్లుగా చేర్చుకుంది. విచిత్రమేమిటంటే, వాళ్ళని తెచ్చి బాబాయి పక్కనే కూర్చోబెట్టేది. ఈయన దగ్గర నడుములు విరగ్గొట్టడం తప్ప ఏం నేర్చుకుంటారులే అని నేను నవ్వుకునేదాన్ని.

ఒకసారి సెలవు మీద వెళ్తున్న నాకు సీటు దొరక్క, కాక్‌పిట్‌లో పైలట్ల వెనకున్న సీటిచ్చారు. బాబాయి పక్కన కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. నేల దగ్గరపడింది. చూద్దును కదా, విమానాన్ని దింపుతున్నది ఆ పిల్ల! బాబాయి చేతులు అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి గానీ, అందుకోవడం లేదు.

"ముక్కు కాస్త ఎత్తమ్మా... ఇంకాస్త... ఆఁ, చాలు."

దభేల్!

విమానం ఆగేసరికి ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. బాబాయి మైకందుకున్నారు. "క్షమించాలి. సరిగ్గా దిగే వేళకి నాకు ఆవలింత వచ్చింది."

అందరూ వెళ్ళాక నిలదీశాను. "ఇన్నాళ్ళూ ఈ పిల్లల తప్పులన్నీ మీ నెత్తినేసుకుంటున్నారా?"

"ఆఫీసులో ఎవరు దింపారో ఉన్నదున్నట్టు చెబుతానమ్మా. తిట్లు మాత్రం నావి. విమానం నిండా జనం తిట్టిపోస్తే రేపు ఈ పిల్లకి చెయ్యాడుతుందా? నాకంటావా, మీ పిన్నిగారి దయవల్ల అలవాటే."

కొన్నాళ్ళకి అదే అమ్మాయి విమానాన్ని ఎంత మెత్తగా దింపిందంటే, నిద్రపోతున్నవాళ్ళని మేం తట్టి లేపాల్సొచ్చింది. బాబాయి ఆనందం పట్టలేక ఆ పిల్లని తలుపు దగ్గరికి లాక్కొచ్చి, "ఇవాళ దింపింది ఈ అమ్మాయండీ, నేను కాదు!" అని అందరికీ చాటడం మొదలుపెట్టారు.

మా విమానాల్లో తరచూ తిరిగే బట్టల వ్యాపారి ఒకాయన ఆగి, ఆ అమ్మాయిని మనసారా మెచ్చుకున్నాడు. ఆపైన బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఇంత చక్కగా దింపే పిల్లని పక్కనే పెట్టుకుని, ఇన్నాళ్ళూ మా నడుములెందుకు విరగ్గొట్టావయ్యా?"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. బాబాయి ఆమెని మోచేత్తో ఆపి, తల వంచుకున్నారు.

"కుళ్ళండీ," అన్నారు. "ఉత్త కుళ్ళు!"