ఊటీ చలికి హిందూపురం బండి

హిందూపురం నుంచి ఊటీకి పోవాలంటే బెంగళూరు మీదుగా దక్షిణానికి పోవాలి. మేము ఉత్తరానికి బయలుదేరాం. దానికి కారణం మా చెల్లెలు సుజాత ఫోనులో అడిగిన ఒకే ఒక ప్రశ్న.

సుజాత ఊటీకి పైన కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. వరసగా రెండు క్రిస్మస్‌లకు దానికి సెలవు దొరకలేదు. ఈసారీ దొరకదని తెలిసిన రోజున, మా ఇద్దరినీ పెంచిన అవ్వ తింటున్న కంచం పక్కకు జరిపి, "అది రాలేకుంటే మనమే పోదాం. కొండేమన్నా లేచి యాడికన్నా పోతాదా?" అంది. మా వీధి చివర సొంత కారు అద్దెకు తోలే లోకేశతో మాట్లాడాను. అంతా కుదిరిందని చెబితే సుజాత సంతోషించడం మానేసి, "కారులో హీటరు పనిచేస్తాదా అక్కా?" అని అడిగింది. "ఈడ తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకోని ఉంటాది. అవ్వకు ఉబ్బసం. హీటరు లేకుంటే మాత్రం తోడుకోని రావద్దు."

ఆ గొంతు నా చెల్లెలిది కాదు, నర్సుది. నేను పోయి లోకేశను అడిగాను. అతను ఏసీ గుండీని ఎర్రగీత ఉన్న వైపుకు తిప్పాడు. చల్లగాలి వచ్చింది.

"ఈ గుండీ నేనెప్పుడూ తిప్పలేదక్కా. మన ఊర్లో ఎవురు తిప్పుతారు?" అన్నాడు.

నిజమే. ఏసీ చాలడం లేదని డ్రైవరుతో కొట్లాడే జనం మేము. అతని బండి రిపేర్లన్నీ చేసేది పెనుకొండలో మాబు అనే మెకానిక్కట. సంగతేమిటో అతణ్ణే అడుగుదామని మర్నాడు పొద్దున ఏడింటికి బయలుదేరాం. నేను గడప దాటేసరికి అవ్వ అప్పటికే వెనక సీటులో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది.

"నువ్వెందుకవ్వా? మధ్యాన్నానికి వచ్చేస్తాం కదా."

"నేను లేకుంటే మీరిద్దరూ మాట్లాడుకోని, బండి బాగు కాలేదని చెప్పి పయనం మానేస్తారు. నాకు తెలీదా?"

లోకేశ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అవ్వ ముందు సీటు మీదుగా చెయ్యి చాపి, స్టీరింగు పట్టుకుని ప్రార్థన చేసింది. రెండు వైపుల నుంచీ బండికి కాపలా కుదిరింది.

దారిలో చేల మీద పల్చగా మంచు ఉంది. మాకు అదే పెద్ద చలి. సోమందేపల్లిలో ఆగి బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్ళు పొద్దున్నే తినాలి, ఎండెక్కితే బజ్జీలు చల్లారి బెరడులా అవుతాయి. పెనుకొండ కొండ కనబడగానే అవ్వ, "ఊటీ దీనికన్నా ఎత్తా?" అని అడిగింది. ఇలాంటివి పది కొండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుందని లోకేశ కొంచెం పెంచే చెప్పాడు. అవ్వ కొండకేసి చూస్తూ, "అంత పైన ఒక్కతే ఉండాది," అంది.

మాబు బానెట్ ఎత్తి చూసి, తల గోక్కుని నవ్వాడు.

"ఇది నా పనే. హీటరు పైపు కారుతాందని వస్తివి కదప్పా. మన ఎండలకు హీటరేంటికని దాని డబ్బా తీసేసి రెండు పైపులూ కలిపి కట్టేస్తిని. వాల్వు గూడా పీకేస్తిని."

"నాకు చెప్పొద్దా?" అన్నాడు లోకేశ.

"చెప్తే నువ్వేం చేస్తావు, చలి కాచుకుంటావా?"

ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది ఆ వాల్వు. అది లేకపోతే బండి ఎప్పుడూ చల్లగా ఉంటుంది, మండు వేసవిలో కూడా పొగలు కక్కదని మా వైపు మెకానిక్కుల నమ్మకం. అందుకే బండి వచ్చీ రాగానే దాన్ని పీకేస్తారు. ఎండలను తట్టుకోవడం ఒక్కటే మాకు తెలుసు. చలి గురించి ఆలోచించే అవసరం ఎవరికి వచ్చింది? మా ఇంట్లోనూ అంతే. సుజాత ఉద్యోగానికి పోయేటప్పుడు పెట్టె నిండా నూలు చీరలు సర్ది పంపాం. మొదటి నెలంతా అది ఆసుపత్రి దుప్పట్లు కప్పుకుని పడుకుందని తర్వాత ఎప్పుడో తెలిసింది.

కావలసిన సామాను ధర్మవరంలో పాత బండ్ల విడిభాగాలు అమ్మేచోట దొరుకుతుందని మాబు తానే బండెక్కాడు. దారి పొడవునా అవ్వ అతన్ని వదల్లేదు.

"బాగవుతాదా నాయనా?"

"అవుతాదవ్వా."

"దొరక్కపోతే?"

"దొరుకుతాదవ్వా."

పదకొండు దాటాక ధర్మవరం చేరాం. మొదటి రెండు షాపుల్లో లేదన్నారు. రెండోసారి లేదనగానే అవ్వ, ఇక పయనం లేదన్నట్టు శాలువా తీసి మడత పెట్టుకుంది. సుజాత నాకు చెల్లెలే కాదు, పదహారేళ్ళు ఒకే చాప మీద పక్కన పడుకున్న మనిషి. ఇప్పటికీ నేను చాపకు ఒక వైపే పడుకుంటాను. దాన్ని చూడాలని ఉంది. అంతకు మించి ఊటీలో నాకు పనేమీ లేదు.

మూడో షాపులో దొరికింది. దుమ్ము కొట్టుకుపోయి, చిన్న రేడియేటరులా ఉంది ఆ హీటరు డబ్బా. వాల్వు కూడా అక్కడే తీసుకున్నాం. ఆ పక్క షెడ్డులోనే మాబు బిగించడం మొదలుపెట్టాడు. అది తెమిలేలోగా మేము మెస్సులో సంగటి తిని వచ్చాం. లోకేశ ఎప్పటిలాగే రేడియేటరులో పోయడానికి డిక్కీలోంచి బోరునీళ్ళ క్యాను తీశాడు. మాబు అది లాక్కుని, ఆకుపచ్చ కూలెంటు పోశాడు. "ఇదేం మందప్పా, చెనిగ్గింజల పైరుకు కొట్టేదా?" అంది అవ్వ, వేరుశనగ చేలకు కొట్టే మందనుకుని. చలికి గడ్డకట్టకుండా నీళ్ళకిచ్చే మందే అన్నాడు మాబు.

ఈ వైపు నుంచి అద్దె బండిలో చలికొండలకు పోయేవాళ్ళకు నా సలహా ఒకటే. బ్రేకులు, టైర్లు అందరూ చూస్తారు. హీటరు గుండీ మాత్రం ఊర్లో ఉండగానే తిప్పి చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో మాబును పెనుకొండలో దించాం. మూడు గంటల ఎండ. లోకేశ అద్దాలన్నీ ఎత్తి, హీటరు వేశాడు. కాసేపటికి వేడిగాలి తగిలింది. అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుంది, నా కళ్ళలోకి చెమట కారింది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. అవ్వ మాత్రం ముందు సీట్ల నడుమకు రెండు చేతులూ చాపి, పొయ్యి దగ్గర కాచుకున్నట్టు కాచుకుంది.

"చాలా అవ్వా, ఆపేదా?" అన్నాడు లోకేశ.

"ఉండనీ. దాని రూములో ఇట్లాంటిది ఉండాదో లేదో."

అయిదింటికి హిందూపురంలో మా ఇంటి ముందు ఆగాం. ఎల్లుండి తెల్లవారుజామున బయలుదేరాలన్నది మా ఏర్పాటు. నేను దిగి తలుపు తీశాను. అవ్వ దిగలేదు.

"ఇల్లొచ్చిందవ్వా, దిగు."

"ఇప్పుడు దిగితే ఇదంతా చల్లారిపోతాది."

"మళ్ళా వేస్తే మళ్ళా వస్తాదవ్వా," అన్నాడు లోకేశ, ముఖం తుడుచుకుంటూ.

"అదీ అట్లే చెప్పి పాయ, మళ్ళా వస్తానని."

లోకేశ నా వైపు చూశాడు. తాళంచెవి మీద చెయ్యి ఉంది, తిప్పలేదు. రాత్రికి మైసూరులో పడుకుంటే రేపు మధ్యాహ్నానికి కొండెక్కేయొచ్చు అన్నాడు. నేను ఇంట్లోకి పోయి ముందు అవ్వ మందులు, తర్వాత సుజాత కోసం కొన్న రెండు ఉన్ని దుప్పట్లు తెచ్చాను.