లెక్కల సారుకు నేను వేసిన సున్నా

ఆ రోజుల్లో మాదాపూర్‌లోని మా ఆఫీసుకు ఒక ల్యాండ్‌లైన్ ఉండేది. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఉచితంగా ఇచ్చారని పెట్టించుకున్న ఆ ఫోను, నేను చేరిన మూడు నెలల్లో ఒక్కసారి కూడా మోగలేదు. దాని మీద టీ కప్పులు పెట్టుకునేవాళ్లం. అలాంటిది ఒక మంగళవారం పదకొండున్నరకు, మిరపకాయ బజ్జీ సగం నోట్లో సగం చేతిలో ఉండగా, అది మోగింది. ఏదో కొంప మునిగే పని జరిగిందని నా ఒంటికి మొదటిసారి ముందే తెలిసింది ఆ క్షణంలోనే. (ఇప్పుడైతే రోజుకు పదిసార్లు తెలుస్తుంది. స్కూలు బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైనా, మా చిన్నాడు పక్కగదిలో చప్పుడు చేయకుండా ఉన్నా చాలు. ఆ రోజుల్లో నాకు భయపడటం ఇంత బాగా వచ్చేది కాదు.)

"హలో, ఎమ్మెల్యేల ఓట్లు లెక్కపెట్టెటోళ్లు మీరేనా?" అంది అవతల ఒక పెద్దాయన గొంతు, చాలా నెమ్మదిగా.

"అవునండి. మీరెవరండి?"

"నేను సున్నాను మాట్లాడుతున్న."

"ఏ సున్నా అండి?"

"ఎర్ర సున్నా, బిడ్డా."

బజ్జీ గొంతుకు అడ్డం పడింది.

ఇక్కడ కొంచెం నా ఘనకార్యం చెప్పుకోవాలి. ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం ఇస్తానన్న పెద్ద కంపెనీ 'చేరే తేదీ త్వరలో తెలియజేస్తాం' అని ఉత్తరం రాసి నన్ను మరిచిపోయింది. అప్పటికే కాకినాడ నుంచి పెట్టె సర్దుకుని వచ్చి గచ్చిబౌలి హాస్టల్లో దిగిపోయాను కాబట్టి, దొరికిన ఉద్యోగంలో దూరాను. రెండు పడగ్గదుల ఫ్లాటే ఆఫీసు, అయిదుగురం మనుషులం, మేం చేసేది ఒక వెబ్‌సైటు. అందులో ఎమ్మెల్యే పేరు కొడితే ఆయన సభకు ఎన్ని రోజులు వచ్చారు, మంత్రులను ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎన్నిసార్లు ఓటు వేశారు అన్నది మూడు గడుల్లో కనిపించాలి. మా యజమానిని డెమో అన్న అనేవాళ్లం, పెట్టుబడిదారులకు చూపించే డెమో తప్ప ఆయనకు వేరే లోకం లేదు గనుక. మేం చేసిన పనిలో తప్పులు పట్టే పని లింగంపల్లి అక్కది. తెలుగు గబగబా చదువుతానని శాసనసభ కాగితాలన్నీ నాకు అప్పగించారు. నన్ను అందరూ 'కాకినాడ' అనేవాళ్లు. ఇంకో వారంలో నా ఉద్యోగం పర్మనెంటు కావాలి.

ప్రశ్నల గడి నింపడం తేలిక. ప్రతి ప్రశ్నా ఒకే తీరున ఉండేది: ఎ) ఫలానా రోడ్డు పాడైన మాట వాస్తవమేనా? బి) అయితే ఎప్పుడు బాగు చేస్తారు? కింద మంత్రిగారి జవాబు: ఎ) కాదండి. బి) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. రెండు వారాలు అవే చదివేసరికి నాకూ ఆ భాష పట్టుకుంది. హాస్టల్లో వార్డెన్ "బకెట్ పగలగొట్టింది నువ్వేనా, కొత్తది ఎప్పుడు తెస్తున్నావు?" అంటే "ఎ) కాదండి, బి) ఉత్పన్నం కాదు" అన్నాను. (బకెట్ నేనే పగలగొట్టాను.)

చిక్కంతా ఓట్ల గడితోనే వచ్చింది. ఎన్ని కాగితాలు తిరగేసినా 'బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది' అని ఉండేదే తప్ప, ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో ఎక్కడా ఉండేది కాదు. గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడి ఉంటే పేజీ తెరుచుకోవడం లేదని డెమో అన్న ఒకటే గోల. "ఏదో ఒకటి ఫిల్ చెయ్ కాకినాడా, రేపే డెమో!" అన్నాడు. కంప్యూటరు చదువు చదివినవాళ్లకు, ఏమీ తెలియని చోట పెట్టడానికి చేతికందేది ఒక్కటే. మొదటి గడిలో సున్నా కొట్టి, మౌసుతో పట్టుకుని చివరి ఎమ్మెల్యే దాకా లాగేశాను. రెండు క్షణాల పని. ఆ సున్నాను చూసి సైటు తనంతట తాను ప్రతి పేజీలో ఎర్రక్షరాలతో ఒక వాక్యం రాసుకుంది: 'ఈ సభ్యులు ఒక్కసారి కూడా ఓటు వేయలేదు.' అది అలా రాస్తుందని నాకు తెలియదు. తెలిసిన అక్క ఆ రోజు సెలవు.

అందరికీ సున్నానే. కానీ ఒక్కరి పేజీ మాత్రం ఫ్లెక్సీ అయింది. ఫోన్ చేసిన పెద్దాయన ఎన్నికలకు ముందు బడిలో లెక్కలు చెప్పినవారు, నియోజకవర్గమంతా 'లెక్కల సారు' అంటుంది. ఆయన పార్టీలోనే ఆయన టికెట్ మీద కన్నేసిన ఒక నాయకుడు మా పేజీని ఫొటో తీయించి, అంతెత్తున ముద్రించి చౌరస్తాలో కట్టించాడు. 'ఐదేళ్లలో సున్నా ఓట్లు! ఈసారి మనం సారుకు సున్నా పెడదాం!' అని. పార్టీ జాబితా ఇంకో రెండు వారాల్లో వస్తుందట. ఇదంతా సారు ఫోన్లోనే, కోపం లేకుండా చెప్పి, "ఎల్లుండి మీ దగ్గరికి వస్త. ఉంటరు గదా?" అన్నారు. కోప్పడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఏంది కాకినాడ, గట్ల బిగుసుకపోయినవ్?" అంది అక్క. సంగతి చెప్పాను. "డోంట్ పానిక్, డోంట్ పానిక్," అంటూ డెమో అన్న తలుపుకు రెండు గడియలూ పెట్టాడు, సారు వచ్చేది ఎల్లుండి అయినా సరే.

చెప్పినట్టే గురువారం వచ్చారు. వెంట ఒక్క గన్‌మన్. మా ఆఫీసులో కుర్చీలు అయిదే కాబట్టి గన్‌మన్‌ను బీన్ బ్యాగులో కూర్చోబెట్టాం. ఆయన అందులోకి దిగాడు, దిగుతూనే ఉన్నాడు, చివరికి మోకాళ్లూ తుపాకీ మాత్రమే కనిపించాయి. సారు తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. మమ్మల్నందరినీ హాజరు పిలుస్తున్నట్టు ఒక చూపు చూశారు.

"సున్నా ఏసింది ఎవరు?"

డెమో అన్న ఫ్యాను వైపు చూశాడు. నేను చెయ్యెత్తాను. ఎత్తాక దించాలని తోచలేదు. పక్కనే అక్క కూడా ఎత్తింది. "తప్పులు పట్టేది నేను సార్. గా దినం నేను లేను, గది కూడ నా తప్పే."

"మిగిలిన ఎమ్మెల్యేలకు ఎన్ని ఏసినవ్ బిడ్డా?"

"అందరికీ సున్నానే అండి," అన్నాను, అది నా నిజాయితీకి నిదర్శనం అన్నట్టు.

"క్లాసు మొత్తానికి సున్నా వచ్చిందనుకో, తప్పు పిల్లలదా, దిద్దినోళ్లదా?"

ఆయన లేచి మా తెల్లబోర్డు దగ్గరకు వెళ్లారు. దాని మీద వచ్చే మూడేళ్లలో మా కంపెనీ ఎంత పెద్దది కాబోతోందో డెమో అన్న మూడు రంగుల్లో గీసి ఉంచాడు. సారు డస్టర్ తీసుకుని దాన్ని రెండు ఊపుల్లో తుడిచేశారు. డెమో అన్న గొంతులోంచి చిన్న ధ్వని వచ్చింది.

"ముగ్గురు పిల్లలు," అని మూడు బొమ్మలు గీశారు. "ఒకడు పరీక్ష రాసిండు, ఏం రాలేదు. సున్నా. ఇంకొకడు బడికే రాలేదు. గైర్హాజరు. మూడోడు మస్తుగ రాసిండు, కని పేపరు ఇంక ఎవరు దిద్దలేదు. ముగ్గురికి సున్నా ఏస్తవా?"

"వేయనండి."

"నేను మూడోన్ని. సభల అధ్యక్షులు అడుగుతరు, ఒప్పుకున్నోళ్లు అవును అనున్రి, ఒప్పుకోనోళ్లు కాదు అనున్రి అని. అందరం ఒక్కసారి ఒర్లుతం. ఎటుదిక్కు సప్పుడు ఎక్కువుంటె అటు గెలిచినట్టు. పేర్లు ఎవరు రాయరు. ఐదేండ్ల సంది 'కాదు, కాదు' అని ఒర్లి ఒర్లి..." జేబులోంచి దగ్గు బిళ్లల పట్టీ తీసి బల్ల మీద పెట్టారు. "ఇగో, ఇదే నా ఓటింగ్ రికార్డు."

నవ్వాలో వద్దో తెలియక అక్క మాట మార్చింది. "మరి మీరు ప్రశ్నలు గన్ని అడిగిండ్రు గద సార్. అన్నిటికి మంత్రి 'కాదండి' అనే చెప్పె. ఏం ఫాయిదా?"

ఆయన మొహం వెలిగింది. "అట్లనుకోకు బిడ్డా. రోడ్డు మీద గుంత ఉన్న మాట వాస్తవమా అని ప్రశ్న రాసిస్తం. ఆ కాగితం ఆఫీసులు తిరుక్కుంట కింది ఇంజనీరు దాక పోతది. ఇగ ఆయన పరేషాన్. జవాబు చెప్పే రోజుకంటె ముందే ఉరికొచ్చి గుంత పూడ్పిస్తడు. మంత్రి లేచి 'కాదండి, గుంత లేదు' అంటడు. అబద్ధం కాదు, నిజంగనే లేదు!"

నేను రెండు వారాలు పనికిరాని కాగితాలనుకుని ఎక్కించినవన్నీ పూడిన గుంతలని ఆ నిమిషంలో తెలిసింది. సిగ్గుతో సైటులో సవరణ వేస్తాం సార్ అన్నాను.

"ఏస్తె ఏయి. కని సవరణ సదివెటోడు ఎవడు? ఫ్లెక్సీ అయితె బస్సులకెల్లి కూడ కనపడతది." జేబులోని పెన్నులు సర్దుకున్నారు. "మా మనుమరాలు స్కూలు బస్సులకెల్లి చూసింది. తాతా, నువ్వు ఫెయిలా అని అడిగింది. టికెట్ ఫికర్ లేదు బిడ్డా, వస్తె వస్తది పోతె పోతది. కని ముప్పై ఏండ్లు పిల్లలకు మార్కులేసినోన్ని నేను."

ఆయన అన్న ఆ చివరి మాటే నాకు ధైర్యం ఇచ్చిందనుకుంటాను. ఓట్ల గడి నింపలేక సభ నియమాల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే ఆ గదిలో. (బహుశా ఆయన తర్వాత.) "సార్, ఒక్క మాటండి. మూజువాణి ఓటు చాలదని ఎవరైనా సభ్యులు అడిగితే, లేపి నిలబెట్టి లెక్కపెట్టాలట కదండి, పేర్లు రాయాలట. డివిజన్ అంటారట. మీరు అడగొచ్చు కదండి?"

"అడుగొచ్చు. కని మా దిక్కు ఉన్నదే కొద్దిమందిమి. ఓడిపోయెదానికి లెక్కెందుకని ఎవరం అడుగం."

"ఓడిపోయినా ఒకటి పడుతుంది కదండి," అన్నాను. "ఒకటి సున్నా కాదు కదండి."

లెక్కల సారు దగ్గు బిళ్లల పట్టీ తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత గన్‌మన్‌ను బీన్ బ్యాగులోంచి లాగడానికి మా ముగ్గురి సాయం అడిగారు.

తరువాతి వారం సభ సమావేశాలను ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్షంగా చూశాం. చిన్న దుకాణాల లైసెన్సు రుసుము పెంచే బిల్లు. భోజనాల వేళ దగ్గర పడింది. అవును అన్నవాళ్ల హోరు వినిపించింది, కాదు అన్నవాళ్ల కీచుగొంతులు వినిపించాయి, అయిపోయిందనుకుంటుండగా మూడో వరుసలో తెల్ల చొక్కా లేచింది. "డివిజన్ కోరుతున్న, అధ్యక్షా!" సభలో ఒక నిట్టూర్పు. పక్కన కూర్చున్న ఆయన పార్టీ సభ్యుడే చొక్కా పట్టుకుని కిందికి గుంజాడు. సారు కూర్చోలేదు. గంటలు మోగాయి. క్యాంటీన్ నుంచి సభ్యులు మూతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. వరుసలు వరుసలుగా నిలబెట్టి లెక్కపెట్టి, పేర్లు రాసుకున్నారు. బిల్లు గెలిచింది, సారు ఓడిపోయారు. కెమెరాకు ఎంత ఆనందంగా కనిపించారంటే, మంత్రిగారు వెనక్కి తిరిగి లెక్క సరిగ్గా చెప్పారా అన్నట్టు చూశారు.

కాగితం రాగానే మొదట సారు గడిలో, తర్వాత అందులో పేరున్న అందరి గడుల్లో ఒకటి కొట్టాను. మిగతా గడులన్నిటిలో సున్నాలు తీసేసి 'పేరు నమోదు కాలేదు' అని ఒక్కొక్కటే టైపు చేశాను. మౌసుతో లాగలేదు. అది నాకు నేను వేసుకున్న శిక్ష. పాత ఫ్లెక్సీ పక్కనే చౌరస్తాలో కొత్తది వెలిసింది: 'అడిగి మరీ ఓటేసిన సారు!' ఆయనకు టికెట్ వచ్చింది. నా ఉద్యోగం పర్మనెంటు అయింది. కంపెనీ మాత్రం కాలేదు, ఏడాది తిరక్కుండా మూతపడింది. ఖాళీ చేసే రోజున కూడా తెల్లబోర్డు మీద ముగ్గురు పిల్లలు అలాగే ఉన్నారు, డెమో అన్నకు తుడవబుద్ధి కాలేదట.

ఇదంతా ఇప్పుడు, మణికొండలో పిల్లలు పడుకున్నాక, ఎందుకు రాస్తున్నానంటే మా పాప వల్ల. మూడో తరగతి. డ్రాయింగ్ పీరియడ్ తీసేసి పోటీ పరీక్షల ప్రాక్టీసు పెడదాం, అందరికీ సరేనా అని వాళ్ల మిస్ అడిగిందట. అందరూ "ఎస్ మిస్" అని అరిచారట. మా పాప "నో" అందట, మెల్లగా. "ఎవరికీ వినపడలేదమ్మా. మరి నేను చెప్పినట్టా, చెప్పనట్టా?" అని అడిగింది. నేను అన్నం కలుపుతూ వింటున్నాను. రేపు మళ్లీ చెప్పు అనాలని ఉంది. చెబితే క్లాసంతా తిరిగి చూస్తుందేమో, మిస్ ఏమనుకుంటుందో, అదీ ఉంది. మంత్రిగారిలా 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు' అనేద్దామని కూడా అనిపించింది. రేపు చెబుతాను, పడుకో అన్నాను.

పై మాటల దాకా రాత్రి రాశాను. ఇది పొద్దున బస్సు వెళ్లాక రాస్తున్నాను. జడ వేస్తూ పాపకు చెప్పాను: "చెప్పినట్టే అమ్మలూ. కానీ ఎవరూ రాసుకోలేదు. ఇవాళ మిస్‌ను మర్యాదగా అడుగు, చేతులెత్తించి లెక్కపెట్టండి మిస్ అని."

"నేనొక్కదాన్నే ఎత్తితే?"

"ఒకటి పడుతుంది. ఒకటి సున్నా కాదు."

చిన్నాడు ఇడ్లీ ముక్కతో సహా చెయ్యి పైకెత్తాడు. "నేను కూడా అక్కకే!"

"నీది యూకేజీరా, అక్కడ నీకు ఓటు లేదు. ఇంట్లోనే ఉంది."

"అయితే ఇంట్లో పెట్టు. ఇవాళ స్కూల్ వద్దు!"

లెక్కపెట్టక తప్పలేదు. స్కూలు వద్దన్నది ఒకరు, కావాలన్నది అక్క, నాన్న, నేను. ఆముదం తాగిన మొహం పెట్టుకుని వాడు ఫ్రిజ్‌కు అంటించిన కాగితం మీద తన పేరు నేను రాసిందాకా కదల్లేదు. "ఓడిపోయావు నాన్నా, కానీ రాశాను, చూసుకో," అన్నాను. వేలితో తడిమి చూసుకున్నాడు. ఇద్దరూ గేటు దాటాక, బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైందని నేను గమనించింది, అది వెళ్లిపోయాకే.